ఇరవై నిమిషాల గాజు గొట్టం

గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ప్రొద్దుటూరులో ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

మాటలు మొదలుపెట్టే ముందు చిన్న పని ఒకటి ఉంది. ఇదిగో, ఇది గాజు గొట్టం. మా ల్యాబుల్లో టెస్ట్ ట్యూబ్ అంటాం. ఇందులో కుంకుమ కలిపిన నీళ్లు పోశాను. 2 మిల్లీలీటర్లు, అంటే టీ చెంచాలో సగం కూడా ఉండవు. దీన్ని ఈ స్టాండులో నిలబెడుతున్నాను. ముందు వరసలో చేతికి వాచీ పెట్టుకున్న బాబూ, నువ్వే. టైము చూసుకో నాయనా. సరిగ్గా ఇరవై నిమిషాలు కాగానే లేచి చెప్పు. నేను ఏం మాట్లాడుతున్నా సరే, మధ్యలోనే ఆపించు. అంతదాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు, బల్లను కూడా కదిలించవద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. డాక్టర్ను కాను. ఏ జబ్బుకు ఏ మందు వాడాలో నన్ను అడగవద్దు. నేను చెప్పేది నా చేతుల మీదుగా పోయిన వస్తువుల సంగతి. ల్యాబుకు ఒక కిటికీ ఉంటుంది. అవతల చీటీ పట్టుకుని జనం, ఇవతల మేము. ఇవతల కూర్చున్నవాడికి నాలుగేళ్లు గడిచేసరికి అంతా అలవాటైపోతుంది. రోజుకు వందసార్లు పట్టుకునే వస్తువు ఎందుకు అలా ఉందో ఆలోచించడు. అవతల నిలబడిన మనిషికి అది కొత్త, అందుకే అడుగుతాడు. చదువుకునేటప్పుడు నాకు ఎవరూ చెప్పని సంగతులు చాలా ఆ కిటికీ అవతలి ప్రశ్నల వల్లే తెలిశాయి. అడిగినవాళ్లలో బడి మొహం చూడనివాళ్లు చాలామంది ఉన్నారు. వాటిలో కొన్ని ఈరోజు మీతో పంచుకుంటాను.

మొదటిది ఒక అవ్వ అడిగింది. పొద్దున ఏడింటికే పరగడుపున వచ్చింది, చక్కెర పరీక్షకు. డాక్టరు ఇంకో రెండు పరీక్షలు కూడా రాశారు. నేను మూడు ట్యూబులు తీసి వరసగా పెట్టాను. ఊదా మూత ఒకటి, ఎర్ర మూత ఒకటి, బూడిద రంగు మూత ఒకటి. ఆమె వాటిని చూసి, "ఏం సామీ, వచ్చింది ఒక్క మనిషినే కదా, మూడు సీసాలు నింపితే నాకేం మిగుల్తాది?" అనింది. మూడింటికీ కలిపి రెండు చెంచాల రక్తం కూడా కాదని చెప్పాను. ఆమె ఊరుకోలేదు. "అట్లయితే ఒకదాంట్లోనే పట్టి మీరే పంచుకోరాదా?" అనింది.

చాలా మంచి ప్రశ్న. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా చేసే మందు ఉంటుంది. కణాలను లెక్కపెట్టాలంటే రక్తం పలచగా ఉండాలి. ఎర్ర మూత ట్యూబులో గడ్డకట్టనిచ్చి, పైన తేరిన పలచటి నీరు, అంటే సీరమ్, తీసుకుంటాం. బూడిద మూతదే అసలు వింత. ఒంట్లోంచి బయటికి వచ్చినా రక్తకణాలు వెంటనే చావవు. ట్యూబులో కూర్చుని ఆ రక్తంలోని చక్కెరనే తింటూ ఉంటాయి. ఊరికే వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా చక్కెర తగ్గిపోతుంది. పల్లెలో పొద్దున తీసిన రక్తం మధ్యాహ్నానికి టౌనులో ల్యాబుకు చేరిందనుకోండి, షుగరు ఉన్న మనిషికి కూడా లేనట్టు రిపోర్టు రావచ్చు. కణాలు అలా తినకుండా బూడిద మూత ట్యూబులో ఒక పొడి వేసి ఉంచుతారు. దాని పేరు సోడియం ఫ్లోరైడ్.

ఆ పేరు వినగానే అవ్వ, "మా ఊరి బోర్లో ఉందంటారే, పండ్లు పచ్చబడేది, అదేనా?" అనింది. అదే. నేను అన్నేళ్లుగా రెండింటినీ వేర్వేరుగానే చూశాను. ట్యూబులో ఫ్లోరైడ్ ఒకటి, బోరులో ఫ్లోరైడ్ ఒకటి. రెండూ ఒకటేనని ఆమె ఒక్క మాటతో కలిపేసింది. కణం చక్కెరను వాడుకునే దారిలో ఒక ఎంజైమును ఫ్లోరైడ్ అడ్డుకుంటుంది. ట్యూబులో అది మనకు మేలు. అదే ఫ్లోరైడ్ తాగే నీళ్లలో ఏళ్ల తరబడి ఎక్కువగా పోతే ముందు పండ్ల మీద గార, ఆ తర్వాత కీళ్లు, వెన్ను బిగుసుకుపోవడం. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, మనకు పక్కనే. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది నమ్ముతారు. కాచితే క్రిములు చస్తాయి, కొంత నీరు ఆవిరవుతుంది. ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి నీళ్లు పరీక్షించే ల్యాబులు ఉన్నాయి. ఒక సీసా శుభ్రంగా కడిగి మీ బోరు నీళ్లు పట్టుకుపోయి అడగండి.

ఇప్పుడు ఈ గాజు గొట్టం సంగతి. ఇది మా ఇంటి విషయం కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా చిన్నాయన రాత్రి కరెంటుకు చెనక్కాయ చేనికి నీళ్లు కట్టను పోయాడు. చేతిలో టార్చి లేదు, కాళ్లకు చెప్పులు లేవు. మడవ తిప్పి గెనెం మీద కాలు పెట్టగానే ఏదో కరిచింది. చీకట్లో పాము కనిపించలేదు, బుస్సుమన్న చప్పుడు మాత్రం విన్నాడు. ఊళ్లో వాళ్లు పంచె చింపి మోకాలి కింద బిగించి కట్టారు. బండి మీద పక్క ఊర్లో మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. ఆయన వేపమండలతో మంత్రించి, విషం దిగిపోయింది, ఇంటికి పొండి అన్నాడు. తెల్లవారేసరికి కాలు బాగా వాచి మనిషి సోలిపోతున్నాడు. అప్పుడు ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఆ వాపు విషం వల్లనా, బిగించిన కట్టు వల్లనా? చూస్తే తెలియదు. డాక్టరు చేతి నరంలోంచి కొంచెం రక్తం తీసి, ఇలాంటి గాజు గొట్టంలో పోసి, కిటికీ గూట్లో నిలబెట్టారు. ఇరవై నిమిషాలు ఎవరూ తాకకూడదని చెప్పి నన్ను కాపలా పెట్టారు. అంత పొడవైన ఇరవై నిమిషాలు నాకు మళ్లీ రాలేదు. మా పిన్ని వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె వైపు చూడలేక నేను ఆ గొట్టాన్నే చూస్తూ నిలబడ్డాను. డాక్టరు వచ్చి దాన్ని ఒక్కసారి పక్కకు వంచారు. రక్తం నీళ్లలా జారిపోయింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తమైతే ఆపాటికి జున్నులా గడ్డకట్టి ఉంటుంది, గొట్టాన్ని తలకిందులు చేసినా కదలదు. పింజరి విషం ఎక్కిందని చెప్పి వెంటనే మందు పెట్టించారు. చిన్నాయన బతికాడు. కట్టు బిగించిన చోట మాత్రం కండ చచ్చి పుండు పడింది. అది మానడానికి ఆరు నెలలు పట్టింది. పాము కాటు కంటే మేము కట్టిన కట్టే ఆయన్ను ఎక్కువ కాలం బాధపెట్టింది. నేను ల్యాబ్ పని నేర్చుకోవాలని ఆ కిటికీ దగ్గరే అనుకున్నాను.

తర్వాత ఎన్నోసార్లు ఆ పరీక్ష నా చేతులతో చేశాను. ఒకసారి కూలి పని చేసే ఆయన తన తమ్ముణ్ణి తీసుకొచ్చాడు. నేను అలమరలో గాజు గొట్టం కోసం వెతుకుతుంటే, "అన్నా, అన్నిటికీ ప్లాస్టిక్‌వే వాడతారు గదా, దీనికి గాజుదే ఎందుకు?" అని అడిగాడు. గాజే వాడాలని నాకు తెలుసు. ఎందుకో తెలియదు. ఆ రాత్రి పుస్తకం తీసి చదివాను.

రక్తం గడ్డకట్టడమంటే ఒకదాన్ని ఒకటి నిద్రలేపే ప్రోటీన్ల వరస. గాజు తగలగానే ఆ వరసలో మొదటిది మేలుకుంటుంది. ప్లాస్టిక్ తగిలితే అంత బాగా మేలుకోదు. అందుకే ప్లాస్టిక్ గొట్టంలో మంచి రక్తం కూడా ఆలస్యంగా గడ్డకట్టి, లేని విషాన్ని ఉన్నట్టు చూపించవచ్చు. సబ్బుతో కడిగిన గాజు కూడా పనికిరాదు, కొత్తది, పొడిగా ఉన్నది కావాలి. పింజరి విషం చేసేదేమిటంటే, రక్తం గడ్డకట్టడానికి కావలసిన సరుకునంతా ముందే ఖర్చుపెట్టేస్తుంది. ఇక గాజు తగిలినా లేవడానికి ఏమీ మిగలదు. ఎంత చిన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయినా, కరెంటు పోయి ఉన్నా, ఏ మెషిన్ లేకున్నా చేయగలిగిన పరీక్ష ఇది. ఇంత మామూలు వస్తువు ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు చెబుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

దీనికి ఒక హద్దు ఉంది, అది కూడా వినండి. ఈ పరీక్ష పింజరులను పట్టుకుంటుంది. ఒకటి రక్తపింజరి. రెండోది ఒళ్లు రుద్దుకుంటూ రంపం కోసినట్టు చప్పుడు చేసే చిన్న పింజరి. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. వాటి కాటులో రక్తం మామూలుగానే గడ్డకట్టవచ్చు. కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి కష్టమవుతుంది. కట్లపాము ఇంకా మోసం చేస్తుంది. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి, వాపు ఉండవు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లారి కడుపునొప్పి అంటారు. వానాకాలంలో మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోవాలని నేను అందరినీ బతిమాలేది అందుకే.

మరి మంత్రం వేస్తే కొందరు బతుకుతారు కదా అంటారు. నిజమే, బతుకుతారు. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషం లేదు. విషమున్నది కరిచినా ప్రతిసారీ విషం వదలదు. అలాంటివాళ్లు మంత్రం వేయకున్నా బతికేవాళ్లే. మంత్రం దగ్గర ఆగి సమయం పోగొట్టుకున్నది మిగతావాళ్లు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి 58,000 మంది. వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో చనిపోయినవాళ్లు. కరిచిన కాలో చెయ్యో కదల్చకుండా ఉంచడం, కోయకపోవడం, బిగించి కట్టకపోవడం, ఉంగరాలు, మెట్టెలు తీసేయడం, ఆసుపత్రికి పోవడం. ఇంతే చేయవలసింది. పామును చంపి పట్టుకురానక్కర్లేదు. మనకు దొరికే మందు నేను ఇందాక చెప్పిన నాలుగు పాములకూ పనిచేస్తుంది, ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు కట్టనక్కర్లేదు.

ఆ మందు తయారీ వెనక గుర్రాలున్నాయి. గుర్రానికి కొంచెం కొంచెంగా విషం ఎక్కించి, దాని రక్తంలో తయారైన విరుగుడును తీసి శుద్ధి చేస్తారు. ఆ విషాన్ని పట్టి ఇచ్చేవాళ్లలో ముఖ్యులు తమిళనాడులోని ఇరుళ గిరిజనులు. 1978లో వాళ్ల సహకార సంఘం ఏర్పడింది. వాళ్లలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సదయన్ గార్లకు, 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మా చిన్నాయన ఒంట్లోకి ఎక్కిన మందుకు విషం పట్టిన చెయ్యి ఎవరిదో మాకు తెలియదు. ఎవరిదైనా, మా ఇంటిల్లిపాదీ ఆ చేతికి రుణపడి ఉన్నాం.

గ్రంథాలయంలో ఉన్నాం కాబట్టి ఒక పుస్తకం మాట. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం వేశాడు. ఇంగ్లీషులో రక్తపింజరికి ఆయన పేరే పెట్టారు. ఆయన మాత్రం పుస్తకంలో దాన్ని మనవాళ్లు పిలిచిన పేరుతోనే రాసుకున్నాడు. కాటుక రేకుల పొడ. ఎంత చక్కటి పేరు! ఒంటి మీది ఆ నల్లంచు మచ్చలు చూస్తే నిజంగా కాటుక రేకుల్లాగే ఉంటాయి.

ఇంకో ప్రశ్న ఒక లారీ డ్రైవరుది. కడుపునొప్పితో వచ్చాడు. అప్పట్లో ఇప్పటిలా అంతటా ఎండోస్కోపీ ఉండేది కాదు. తెల్లటి చిక్కటి ద్రవం తాగించి ఎక్స్‌రే తీసేవాళ్లు. ఎక్స్‌రే గది మా ల్యాబుకు పక్కనే. అతను గ్లాసు పట్టుకుని, "ఇదేంది సార్, సున్నం నీళ్లు తాపిస్తారు?" అన్నాడు. బేరియం అని చెప్పాడు మావాడు. డ్రైవరు గ్లాసు వైపు చూసి, "బేరియమా? బేరైటీస్‌కు దీనికి ఏమన్నా చుట్టరికముందా? నేను మంగంపేట నుంచి తోలేది అదే!" అన్నాడు.

చుట్టరికం ఉంది. బేరైటీస్ అంటే బేరియం సల్ఫేటే. మనం ముగ్గురాయి అంటాం. మన పాత కడప జిల్లా మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోనే అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటి. ఆ రాయి ముక్క చేతిలో పెట్టుకుంటే తెలుస్తుంది, చూపుకు మామూలు రాయిలా ఉండి చెయ్యి కిందికి లాగేస్తుంది. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. ఆ బరువు వల్లే దాన్ని పొడి చేసి, చమురు బావులు తవ్వే చోట బురదలో కలిపి, కింది నుంచి తన్నుకొచ్చే గ్యాసును అణచిపెడతారు. దానిలోని బేరియం ఎక్స్‌రేలను దాటనివ్వదు. అందుకే తాగినప్పుడు పేగుల ఆకారం ఫిల్ము మీద తెల్లగా కనిపిస్తుంది. ఎక్స్‌రే గదుల గోడలకు ఈ పొడి కలిపిన గారను పూస్తారు, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు కిరణాలు తగలకుండా. రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టింది ఇదే నవంబరు నెలలో, 1895 నవంబరు 8న. ముగ్గు పేరున్న రాయి గోడలో ఉండి మనల్ని కాస్తోందని ఆరోజు దాకా నాకు తెలియదు. ఒక జాగ్రత్త. ఆసుపత్రిలో తాగించేది ప్రత్యేకంగా శుద్ధి చేసింది. బేరియం ఉప్పుల్లో విషమైనవి ఉన్నాయి. సల్ఫేటు నీటిలో కరగదు కాబట్టి పేగుల్లోంచి అలాగే బయటికి పోతుంది. రాతిపొడితో ఇంట్లో ప్రయోగాలు చేయవద్దు.

టీకా సీసా సంగతి చిన్నదే. కరెంటు పోయిన రోజు ఒక చిన్నమ్మాయి, చంకలో బిడ్డ, ఏఎన్ఎంను అడిగింది, "అక్కా, ఈ ఎండకు టీకా చెడిపోయి ఉంటే మనకెట్లా తెలుస్తుంది?" అని. ఏఎన్ఎం సీసా మీద బొట్టు చూపించింది. వృత్తం, దాని మధ్యలో చిన్న చదరం. చదరం వృత్తం కంటే తెల్లగా ఉంటే మందు వాడవచ్చు. వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడుతూ వస్తుంది. వృత్తం రంగుతో సమానమైనా, దానికంటే ముదిరినా ఆ సీసా పారేయాలి. ఒకసారి నల్లబడితే మళ్లీ ఐసులో పెట్టినా తెల్లబడదు. 1996లో పోలియో చుక్కల సీసాల మీద మొదలైంది ఇది. చదువు రాని తల్లి కూడా చూసి చెప్పగలిగిన గుర్తు. నేను అదే భవనంలో పనిచేస్తూ దాన్ని కంపెనీ ముద్ర అనుకున్నాను.

ఓఆర్‌ఎస్ మాట చెప్పకుండా పోలేను. మా మనవడికి విరేచనాలైతే మందుల షాపుకు పోయాను. పొడి ప్యాకెట్టు ఒకటి, పండ్లరసంలా ఉన్న రంగు డబ్బా ఒకటి చూపించారు. డబ్బా మీద కూడా పెద్ద అక్షరాలతో ఓఆర్‌ఎస్ అనే ఉంది. పిల్లోడు ఇష్టంగా తాగుతాడని డబ్బా తెచ్చాను. మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చిన్న అక్షరాలు చదివింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ ఇది కాదు అని దాని మీదే రాసి ఉంది. "కాకపోతే ముందర ఆ పేరెందుకు పెట్టినారు?" అని నన్ను నిలదీసింది. నేను ఏం చెప్పను? మళ్లీ షాపుకు పోయి ప్యాకెట్టు తెచ్చాను.

తేడా ఎక్కడంటే చక్కెర దగ్గర. పేగు గోడలో ఉప్పు లోపలికి పోవడానికి ఒక తలుపుంది. చక్కెర తోడు వస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఈ సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. ఉప్పు, చక్కెర లోపలికి పోతే నీళ్లు వాటి వెంట పోతాయి. విరేచనాలు అవుతున్నా ఈ తలుపు పనిచేస్తూనే ఉంటుంది. అయితే పాళ్లు కుదరాలి. చక్కెర మరీ ఎక్కువైతే అది ఒంట్లోని నీళ్లనే పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన పాళ్ల ప్రకారం లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. ప్యాకెట్టు వెనక ఈ అంకెలు ఉన్నాయో లేవో చూసుకోండి.

ఈ పొడి విలువ లోకానికి తెలిసింది మన దేశంలోనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థుల శిబిరంలో, బెంగాల్లోని బన్‌గావ్‌లో, కలరా వచ్చింది. సెలైన్ సీసాలు చాలలేదు. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి, తల్లులతో, అన్నదమ్ములతో తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపలికి దిగాయి. నర్సులు కాదు, ఇంటివాళ్లే తాగించారు, అది మరిచిపోవద్దు. 2023లో, ఆయన పోయాక, పద్మవిభూషణ్ ఇచ్చారు. మా ఆవిడ అడిగిన ప్రశ్ననే హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి అడిగారు, కోర్టు దాకా పోయారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ, ఆ పాళ్లు లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో పండగలాగే ఉండింది.

ప్యాకెట్టు దొరకని రాత్రి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి, గుమ్మటంగా కాదు. రుచి చూస్తే కన్నీళ్లకంటే ఉప్పగా ఉండకూడదు. బిడ్డ కళ్లు లోపలికి పోయినా, మూత్రం పోయకపోయినా, మగతగా ఉన్నా ఇంట్లో ఆగవద్దు. ఆశా కార్యకర్త దగ్గర ప్యాకెట్లతో పాటు జింకు మాత్రలు కూడా ఉంటాయి. విరేచనాలు ఆగిపోయినా 14 రోజులూ వేయాలి.

మా అవ్వ నీళ్లకుండ మూతికి పాత చీర గుడ్డ నాలుగు మడతలు వేసి కట్టేది. కొత్త గుడ్డ ఇస్తే తీసుకునేది కాదు, పాతదే కావాలనేది. ఎందుకవ్వా అంటే, "పాతదైతే బాగా పట్టుకుంటాది" అనేది. 2003లో రీటా కోల్వెల్ బృందం బంగ్లాదేశ్ పల్లెల్లో చేసిన పరిశోధన బయటికొచ్చింది. పాత నూలు చీరను మడతలు వేసి నీళ్లు వడగట్టిన చోట కలరా దాదాపు సగం తగ్గింది. కలరా క్రిమి నీటిలోని సన్నటి పురుగులను అంటిపెట్టుకుని ఉంటుంది, పురుగులు గుడ్డలో ఆగిపోతాయి. ఉతికి ఉతికి నూలు పోగులు విచ్చుకుని సందులు ఇంకా సన్నబడతాయి కాబట్టి పాత చీరే మేలు. అవ్వ మాట మీద అప్పుడు నమ్మకం లేకపోయింది నాకు. ఇప్పుడు చెబుదామంటే ఆమె లేదు. అయితే ఫ్లోరైడ్ గుడ్డలో ఆగదు, అన్ని క్రిములూ ఆగవు. కాచుకోవడం కాచుకోవడమే.

ఇంకొకటి రోడ్డు మీద తెలిసింది. మైదుకూరు దాటి కడపకు పోతుంటే మోటారు సైకిల్ పడిపోయి ఉంది, కుర్రాడికి దెబ్బలు. 108కి ఫోన్ చేశాను. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సర్వీసు అది, ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో. ఎక్కడున్నారు అని అడిగారు. చుట్టూ చూస్తే చేలు, తుమ్మచెట్లు. టెన్షన్‌లో నాకేం తోచలేదు. గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన, "ఆడ రాయి ఉంది గదప్పా, దాని మీద ఉండేది చదివి చెప్పు" అన్నాడు. కిలోమీటరు రాయి. పసుపు తల ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ తల ఉంటే రాష్ట్ర రహదారి. దాని మీద రోడ్డు నంబరు, వచ్చే ఊరికి దూరం రెండూ ఉంటాయి. ఆ రెండు అంకెలు చెప్పాను, అంబులెన్సు నేరుగా వచ్చింది. జాతీయ రహదారి మీద 1033 నంబరుకు కూడా చేయవచ్చు.

ఆగి సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామని భయపడి చాలామంది బండి ఆపరు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు 134ఏ అనే సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద ఆ దెబ్బల విషయంలో కేసు పెట్టకూడదు. పేరు, ఊరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఆ కుర్రాణ్ణి బండిలోకి ఎక్కించాక గొర్రెలాయన...

అయ్యిందా బాబూ? ఇరవై? మంచిది నాయనా, బాగా గుర్తుపెట్టుకున్నావు.

అందరూ ఇటు చూడండి. వెనక వరసవాళ్లు లేచి నిలబడినా పర్వాలేదు. ఇప్పుడు వంచుతున్నాను, ఒక్కసారే.

చూశారా, ఎలా జారిపోయిందో. ఆ పొద్దున కిటికీ గూట్లో మా చిన్నాయన రక్తం ఇలాగే జారింది.

బాబూ, దా. నువ్వే పట్టుకుని వెనకున్న అమ్మలకు చూపించు. నిదానంగా పట్టుకో, గాజు.